‘దాచి తెచ్చినవి’ అనే గడి

కొత్తగా పోలీసు శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వస్తుంటారు. దొంగలను పట్టిన సంగతులు, అల్లర్లను అణచిన సంగతులు చెప్పమంటారు. నేను గేటు దగ్గర తనిఖీ గురించి చెప్పడం మొదలుపెడతాను. వాళ్ల ముఖాల్లో ఉత్సాహం సన్నగిల్లడం నాకు కనిపిస్తూనే ఉంటుంది. అయినా మానను. ముప్పై ఏళ్లు దాటిన ఉద్యోగంలో నేను ఒక మనిషికి చేసిన అతి పెద్ద అన్యాయం లాఠీతో చేసింది కాదు. ఒక కార్యాలయం గేటు దగ్గర, బల్ల ముందు కూర్చుని, చక్కని దస్తూరితో చేశాను. ఈ వ్యాసం దాని గురించే.

నన్ను అక్కడ వేసిన రోజులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ప్రభుత్వ కార్యాలయాలన్నిటికీ ఒక్కసారిగా భయం పట్టుకుంది. అంతకుముందు ఎవరు పడితే వారు నడిచిపోయే వరండాలకు గేట్లు వచ్చాయి. గేట్లకు మెటల్ డిటెక్టర్లు వచ్చాయి. ఏలూరులో పెద్ద విచారణలు జరిగే ఒక కార్యాలయాల సముదాయానికి నన్ను భద్రతాధికారిగా వేశారు. అప్పుడు నేను సబ్ ఇన్‌స్పెక్టర్‌ను. ఆ సముదాయం పేరు రాయను. గోడలను నిందించి ప్రయోజనం లేదు.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఒకే వాక్యం: పదునైన అంచు గల ఏ వస్తువూ లోపలికి పోరాదు. ఎంత పొడవు, ఎవరి చేతిలో, ఏ పనికి అన్న వివరం అందులో లేదు. ఉత్తర్వులు రాసేవాళ్లు గేటు దగ్గర నిలబడరు గనుక వివరాలు వారికి అక్కర్లేదు.

మొదటి వారంలోనే మన ప్రాంతంలో ఎంతమంది ఒంటిమీద చిన్న కత్తి ఉంటుందో నాకు తెలిసింది. నల్లజర్ల వైపు నుంచి వచ్చిన రైతు జేబులో అంట్లు కట్టే చాకు. వకీలు గుమస్తా చొక్కా జేబులో పెన్సిలు చెక్కుకునే మడత చాకు. ముసలమ్మల రొంటిన ఆకులు, వక్కల సంచిలో అడకత్తెర. తాళాల గుత్తికి వేలాడే గోళ్ల కత్తెర, దానిలోంచి పుట్టే ఇంకో చిన్న చాకు. గల్ఫు నుంచి వచ్చినవారి బంధువుల దగ్గర మల్టీటూల్. మడిస్తే పిడికిట్లో ఇమిడే పట్టకారు. విప్పితే అందులోనే చాకు, రంపం, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసే కొక్కెం. వీటన్నిటినీ ట్రేలో పెట్టించి, టోకెను ఇచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు అప్పగించేవాళ్లం. అడకత్తెర తీసుకున్నందుకు ఒక ముసలమ్మ, “లోపల దొరగారికి వక్క కొరికి పెడతానా నాయనా?” అని అడిగింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే క్రమశిక్షణ జారిపోతుందని అప్పట్లో నా నమ్మకం.

నేను కనిపెట్టిన రిజిస్టరు

ఆస్తి పంపకాల తగాదాలో ఉన్న ఒకడు టిఫిను క్యారియరులో పులిహోర కింద జానెడు కత్తి పెట్టుకుని వచ్చి మాకు దొరికాడు. తన అన్నను పొడవడానికే తెచ్చానని ఒప్పుకున్నాడు. ఆ రోజు నాకు గర్వం కలిగింది. ఆ గర్వంలోంచే ఒక రిజిస్టరు పుట్టింది.

అంతవరకు వచ్చిన వస్తువులన్నీ ఒకే వరుసలో రాసేవాళ్లం. నేను పేజీని నిలువుగా రెండు గడులు చేశాను. ఎడమ గడికి ‘స్వయంగా అప్పగించినవి’ అని పేరు. కుడి గడికి ‘దాచి తెచ్చినవి’ అని పేరు. మొదటి గడిలోని వారికి టోకెను. రెండో గడిలోని వారిని విచారణ నిమిత్తం స్టేషనుకు పంపాలి. మొదటి పేజీలో నియమాలు నా చేత్తోనే రాశాను. వాటిలో నాలుగోది: ‘కొట్టివేతలు, దిద్దుబాట్లు నిషిద్ధం.’

అప్పటి నా పై అధికారి దాన్ని చూసి మెచ్చుకుని, ఇతర కార్యాలయాలకు నమూనాగా పంపించాడు. మనుషులను రెండు రకాలుగా విడదీయడం అంత తేలికగా జరిగిపోతే పై అధికారులకు ఎప్పుడూ సంతోషమే.

పెద్దిరాజు

ఆ ఏళ్లలో కొల్లేరు తగాదాలు మా గేటు గుండా రాని వారం ఉండేది కాదు. సరస్సులో గట్టు ఎవరు పోశారు, ఎవరి నీటిలో పోశారు అన్నదే అన్నిటి సారాంశం. ఒక లంక గ్రామానికి, కైకలూరుకు చెందిన ఒక చేపల చెరువు ఆసామికి మధ్య అలాంటి విచారణే ఒకటి ఉంది. ఊరివారు వలలు వేసుకునే పాయను ఆసామి గట్టుపోసి తన చెరువులో కలుపుకున్నాడని ఫిర్యాదు. ఆసామి దగ్గర కాగితాలున్నాయి. ఊరి దగ్గర పెద్దిరాజు ఉన్నాడు. గట్టు పడకముందు పాయ హద్దు ఎక్కడుండేదో చూపగలిగిన మనిషి అతడొక్కడే మిగిలాడు. ఆ రోజు అతని సాక్ష్యం. అతను చెబితే పాయ ఊరిది, చెప్పకపోతే ఆసామిది. ఇంత సంగతీ నాకు అప్పుడు తెలియదనుకుంటే పొరపాటు. ఊరివారు గేటు బయట ఉదయం నుంచి అదే మాట్లాడుకుంటున్నారు. నేను వింటూనే ఉన్నాను.

ముందు ఆసామి వచ్చాడు. నడుము బెల్టుకున్న తోలు సంచిలోంచి మల్టీటూల్ తీసి తానే ట్రేలో పెట్టాడు.

“ఇదిగోండి ఎస్సై గారూ, మా బావమరిది మస్కట్ నుంచి పంపాడండి. పదునెక్కువ, జాగ్రత్తండోయ్.”

ఎడమ గడిలో రాశాను. టోకెను ఇచ్చాను. నమస్కారం పెట్టి వెళ్లాడు.

అతని వెనుక పెద్దిరాజు. అరవై ఏళ్లుంటాయి. ఉతికిన చొక్కా, పంచె, చంకలో కాగితాల సంచి. అందరినీ అడిగినట్లే అడిగాను: “లోపలికి ఏమన్నా తెచ్చావా?”

“ఏం తేలేదండి బాబూ. కాయితాలేనండి.”

డిటెక్టర్ మోగింది. వెనక్కి పంపి మళ్లీ నడిపించాం. మళ్లీ మోగింది. హోంగార్డు ఖాసిం అతని నడుము తడిమి, చొక్కా అంచు ఎత్తాడు. మొలతాడుకు సైకిలు ట్యూబుతో చేసిన ఒర, అందులో నా చూపుడు వేలంత చాకు.

“ఇదేమిటి?”

“మొలతాడండి.”

“మొలతాడుకున్నది ఏమిటని అడుగుతున్నాను.”

“చాకండి. ఎప్పుడూ ఉండేదేనండి.”

“మరి ఏమీ తేలేదన్నావేం?”

అతను నిజంగానే ఆలోచించాడు. తరువాత, తప్పు ఎక్కడుందో తానే వెతుకుతున్నవాడిలా అన్నాడు: “మీరు తెచ్చింది అడిగారు గదండి. ఇది తెచ్చింది కాదండి.”

వరుసలో వెనుక ఎవరో పకపకా నవ్వారు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కలం అందుకున్నాను.

ఖాసిం చెప్పిన మాట

ఖాసిం ఏలూరు పట్టణంలో తరతరాలుగా తివాచీలు నేసే ఇంటివాడు. మగ్గం పని గిట్టుబాటు కాక హోంగార్డుగా చేరాడు. కత్తుల గురించి మా అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. నా చెవి దగ్గరకు వంగి మెల్లగా అన్నాడు:

“సార్, ఎడమ గడిలో రాద్దామండి. ఆయన దాచలేదండి. మా అమ్మగారు మగ్గం మీంచి లేచి బజారుకెళ్తే ముడులు కోసే చాకు చేతిలోనే ఉండిపోయేదండి. కూరలామె ‘ఏమ్మా, నన్ను పొడుస్తావా’ అంటే గానీ ఆవిడకి తెలిసేది కాదండి. చేతిలో ఉన్న సంగతి చెయ్యి మర్చిపోద్దండి.”

“మీ అమ్మగారు ఈ గేటుకు వచ్చినప్పుడు చూద్దాంలే,” అన్నాను.

మిగతా ఇద్దరు కానిస్టేబుళ్లు నవ్వారు. ఖాసిం ముఖం ఎర్రబడింది. అయినా ఊరుకోలేదు. ట్రేలోంచి ఆసామి మల్టీటూల్ తీసి, దాని చాకు విప్పి, పెద్దిరాజు చాకు పక్కన పెట్టాడు. ఆసామిది ఓ అంగుళం పొడవుగా ఉంది. ఖాసిం నా వైపు చూశాడంతే.

నేను తర్వాత తెలుసుకున్నది ఇక్కడే చెప్పడం న్యాయం. లంక గ్రామాల్లో పడవెక్కే ప్రతి మగవాడూ ఆ చాకును మొలతాడుకు కట్టుకుంటాడు. నీళ్లలో వల కాలికి చుట్టుకుంటే, తూటికాడల్లో మనిషి ఇరుక్కుంటే, అరిచినా వినేవాడుండడు. చెయ్యి వెతుక్కోకుండా చాకు అందాలి. అందుకని నిద్రలోనూ విప్పరు, పెళ్లి పీటల మీదా విప్పరు. ఒంటిమీద అది ఉన్నదన్న ఎరుకే వారికి ఉండదు. ‘ఏమన్నా తెచ్చావా’ అని అడిగితే, పుట్టుమచ్చ గురించి ఎవరూ చెప్పనట్లే, దాని గురించీ చెప్పరు.

ఇదంతా అప్పుడే తెలుసుకోగలిగేవాణ్ణి. అడిగితే అర నిమిషంలో చెప్పేవాడు. కానీ రిజిస్టరులో ఆ అర నిమిషానికి చోటు లేదు. కుడి గడిలో రాశాను: ‘కత్తి ఒకటి. చొక్కా కింద నడుమున దాచి తెచ్చినది.’ చాకు అని అతనన్నాడు, ఖాసిం అన్నాడు. కత్తి అని నేను రాశాను. ఆ మాట రాయడానికి నా చేతికి ఎక్కువ గౌరవంగా తోచింది.

స్టేషనుకు తీసుకెళ్లమని చెప్పాను. అప్పటికి గానీ పెద్దిరాజుకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు.

“బాబూ, లోపల నన్ను పిలుస్తారండి. నేను చెప్పాపోతే పాయ పోద్దండి. చాకు మీరే ఉంచుకోండి. కావాలంటే మొలతాడే తెంపుకోండి. ఒక్క మాట చెప్పొచ్చేస్తానండి.”

నిబంధన అందరికీ ఒకటేనన్నాను. అన్నప్పుడు ఆసామి మల్టీటూల్ నా మోచేతి పక్కనే ఉంది.

పిలుపు

విచారణ గది బంట్రోతు వరండాలోకి వచ్చి అతని పేరు మూడుసార్లు పిలిచాడు. నా బల్ల దాకా వినిపించింది. వెళ్లి, సాక్షి స్టేషనులో ఉన్నాడని చెప్పడానికి నాకు పాతిక అడుగుల దూరం. అది నా విధి కాదు గనుక కూర్చున్నాను. సాక్షి హాజరు కాలేదని రాసుకున్నారు. సాయంత్రం స్టేషనువారు పూచీకత్తు మీద వదిలేసేసరికి కార్యాలయం మూసేశారు. ఫిర్యాదుదారులు హద్దును రుజువు చేయలేకపోయారని తర్వాత కొద్ది రోజులకే ఉత్తర్వు వచ్చింది.

ఆసామి మాత్రం ఆ మధ్యాహ్నమే టోకెను ఇచ్చి తన వస్తువు తీసుకున్నాడు. బాగా భద్రంగా ఉంచారని నాకు కృతజ్ఞత చెప్పాడు.

దిద్దుబాటు

ఊరివారు పైకి అప్పీలు చేసుకున్నారు. ఈసారి పెద్దిరాజు చేత రాతపూర్వకంగా వాంగ్మూలం ఇప్పించారు. ఆసామి తరపు వకీలు నా రిజిస్టరు నకలు తెప్పించి దాని ఎదురుగా పెట్టాడు: విచారణకు కత్తి దాచి తెచ్చిన మనిషి మాటకు విలువేముంటుంది?

ఆ సంగతి నాకు తెలిపింది ఖాసిమే. “సార్, మీరొక్క ముక్క రాస్తే చాలండి,” అన్నాడు. అంతకుముందే నేను లంకలకు డ్యూటీ మీద వెళ్లి, ఆ మొలతాళ్లను నా కళ్లతో చూసి వచ్చాను. ఒక వివరణ టైపు చేయించి కొత్తగా వచ్చిన నా పై అధికారి ముందు పెట్టాను. ఆయన మృదువుగా మాట్లాడే మనిషి. చదివి, కళ్లజోడు తీసి అన్నాడు:

“దిద్దుబాట్లు నిషిద్ధమని మొదటి పేజీలో ఉందండి. ఎవరు రాశారండీ అది?”

“నేనేనండి.”

“మరి మీ కోసం ఆ పేజీ చింపేద్దామంటారా? ఒక్కటి దిద్దితే అన్నీ దిద్దమంటారండి. నమూనాగా పంపిన రిజిస్టరు అది. మీకే మాట వస్తుంది.”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చాడు. టీ తెప్పించాడు. తాగాను. గట్టిగా అరిచే అధికారులను నేను ఎన్నోసార్లు ఎదిరించాను. టీ ఇచ్చినవాణ్ణి ఎదిరించలేకపోయాను. కొత్తగా చేరేవారు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత అప్పీలులో నన్ను సాక్ష్యానికి పిలిచారు. వకీలు రెండే ప్రశ్నలు వేశాడు. వస్తువు అతనే అప్పగించాడా? లేదన్నాను. తనిఖీలో దొరికిందా? దొరికిందన్నాను. రెండూ నిజాలే. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని అప్పీలు వింటున్న అధికారి స్వయంగా అడిగాడు. నాలుగు మడతల కాగితం అప్పుడు నా జేబులోనే ఉంది. చెప్పదలచుకున్నది ఏమీ లేదన్నాను. నేను అబద్ధమాడింది ఆ మూడో జవాబులో.

అప్పీలు కొట్టేశారు. ఖాసిం ఆ తర్వాత కూడా నాతో మర్యాదగానే మాట్లాడాడు. కానీ రిజిస్టరు గురించి మళ్లీ ఒక్క సలహా ఇవ్వలేదు.

కొత్తగా చేరేవారికి

నియమాలు వద్దని నేను చెప్పడం లేదు. పులిహోర కింద కత్తి నిజం. దాన్ని పట్టకపోతే ఒక ప్రాణం పోయేది. కానీ పట్టేవాడికి ప్రశ్న అడగడం రావాలి. ‘ఏమన్నా తెచ్చావా’ అన్నది చెడ్డ ప్రశ్న. నగలున్న ఆవిడ దానికి ఒక అర్థం చెప్పుకుంటుంది, వడ్రంగి ఒక అర్థం చెప్పుకుంటాడు, వల వేసేవాడు ఇంకో అర్థం చెప్పుకుంటాడు. ‘ఒంటిమీద ఇనుము ఎక్కడుంది?’ అని అడిగి ఉంటే పెద్దిరాజు తానే చొక్కా ఎత్తి చూపేవాడు.

చట్టాలు తెలిసినవాడు తనిఖీకి జంకడు. ఏది ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు నవ్వాలో అతనికి ముందే తెలుసు. గేటు దగ్గర పట్టుబడేవారిలో ఎక్కువమంది గేటు అంటే ఏమిటో తెలియనివారు. దీన్ని తెలివైన భద్రత అని పిలిచేవారిని నేను చాలామందిని చూశాను. వారిలో చాలాకాలం నేనూ ఒకణ్ణి.

నా చివరి పోస్టింగులో రిజిస్టరుకు మూడో గడి చేర్చాను: ‘అలవాటుగా ఒంటిపై ఉన్నవి.’ తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని చదివి, “ఇదేం సాహిత్యమండీ?” అని నవ్వి కొట్టేయించాడు. కొట్టివేతలు నిషిద్ధమని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

కైకలూరు ఐసు కొట్టు

ఉద్యోగ విరమణ తర్వాత ఒక బంధువు గృహప్రవేశానికి కైకలూరు వెళ్లాను. తిరుగు బస్సు ఆలస్యమైతే ఒక ఐసు కొట్టు నీడన నిలబడ్డాను. లోపల ఒక ముసలివాడు దిమ్మలను గోనెసంచిలో వేసి మోకుతో కడుతున్నాడు. నేను పోల్చుకునేలోపే అతను నన్ను పోల్చుకున్నాడు.

“ఎస్సై గారండీ. కూకోండి,” అని ఒక పెట్టె జరిపాడు.

ఊళ్లో సగం మంది ఇప్పుడు ఆ ఆసామి చెరువు మీదే కూలికి వల లాగుతున్నారట. నడుము సహకరించక తాను ఇక్కడ చేరాడట. ఇవి కూడా అడిగితేనే చెప్పాడు. నాకు క్షమాపణ చెప్పుకోవడం చేతకాలేదు. చెప్పుకునే బదులు ఇంకొక ప్రశ్న అడిగాను.

“ఆ రోజు లోపలికి పంపి ఉంటే, మీరు ఏం చెప్పేవారండీ?”

మీరు అన్నాను. ఆ మాట చాలా ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

అతను చేతిలో మోకు కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. అధికారి ముందు నిలబడినట్టే నిలబడ్డాడు.

“మా లంక పడమటి రేవు కాడ పాయ మొదలవుద్దండి. ఆ రేవులో మా తాత మూడు తాడి మొద్దులు పాతేడండి, పడవలు కట్టుకోడానికి. మొదటిది ఊరి ఒడ్డునండి. రెండోది పాయ నడిమజ్జనండి. మూడోది అవతల ఒడ్డునండి. మొదటి మొద్దు నుంచి మూడో మొద్దు దాకా ఎంతుందో అదే పాయ వెడల్పండి. ఆసామి గట్టు రెండో మొద్దు మీద కూకుందండి. నాకెలా తెలుసంటే, మట్టి పోసే మిషను ఆ మొద్దుని పెకలించలేకే అక్కడ వంకర తిరిగి, దాని మీదే మట్టి పోసేసిందండి. గట్టుకి అక్కడొక వంపుంటుందండి, ఇప్పటికీ ఉంది. ఆ వంపు కాడ మనిషి లోతు తవ్వమనండి. తాడి మొద్దు నీళ్లలో కుళ్లదండి. తగలాపోతే నన్ను జైల్లో పెట్టమనండి.”

అంతే. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. అంత సాఫీగా, తడబాటు లేకుండా చెప్పిన సాక్ష్యం నా ఉద్యోగ జీవితంలో నేను వినలేదు. ఎన్నిసార్లు లోలోపల అప్పజెప్పుకుని ఉంటే అలా వస్తుందో నాకు తెలుసు.

చెప్పడం అయ్యాక అతను నా చేతుల వైపు చూశాడు.

“రాసుకోరేటండీ?”

“ఇప్పుడు నా రాతకు విలువ లేదండి, పెద్దిరాజు గారూ.”

“ఉన్నప్పుడు రాసేరు గదండి,” అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. లారీ వచ్చి ఆగితే మోకు భుజాన వేసుకుని దిమ్మల వైపు వెళ్లాడు.